ఆకులు సరే, పువ్వు ఎప్పుడు? ఇంట్లో ఆర్కిడ్ పూయించే పద్ధతి

ఆర్కిడ్ గురించి నన్ను అడిగేవాళ్ల ప్రశ్నలు తిరిగి తిరిగి రెండే. ఒకటి: "తెచ్చినప్పుడు నిండా పూలున్నాయి. అవి రాలి రెండేళ్లయింది. ఆకులు నిగనిగలాడుతున్నాయి, మళ్లీ పువ్వు మాత్రం లేదు. ఎందుకు?" రెండోది: "వారానికి ఎన్నిసార్లు నీళ్లు పోయాలి?"

మొదటిదానికి జవాబు చాలావరకు వెలుతురులోనూ, చల్లదనంలోనూ ఉంది. రెండోది ప్రశ్నగానే తప్పు. వారాలు లెక్కపెట్టి నీళ్లు పోసేవాళ్ల చేతుల్లోనే ఈ మొక్కలు ఎక్కువగా పోతాయి. నా మొదటి మొక్క అలాగే పోయింది. ఆదివారం, గురువారం తప్పకుండా పోశాను. మూడు నెలలకు ఆకులు వడలితే, పాపం దాహమేమో అని ఇంకొంచెం పోశాను. చివరికి కుండీ బోర్లిస్తే వేళ్లన్నీ నానిన కాగితంలా చేతికి ఊడి వచ్చాయి.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా ఫలెనాప్సిస్ అనే రకం ఆర్కిడ్ గురించి. వెడల్పాటి దళసరి ఆకులు నాలుగైదు, వంగిన కాడ మీద చిమ్మటలు వరసగా వాలినట్టు పూలు ఉంటే అదే ఇది. మొదటి మొక్కగా ఎవరికైనా దీన్నే చెబుతాను. డెండ్రోబియం, వాండా వంటి ఇతర ఆర్కిడ్లకు తేడా వచ్చే చోట ఆ తేడా చెబుతాను.

ఇది మట్టి మొక్క కాదు. అడవిలో చెట్ల కొమ్మలను పట్టుకుని బతుకుతుంది. అలాగని బదనికలా చెట్టు రసం పీల్చదు. కొమ్మ దానికి కూర్చునే పీట, అంతే. వాన పడితే వేళ్లు తడిసి ముద్దవుతాయి, గాలి వీస్తే తొందరగా ఆరిపోతాయి. వేరు చుట్టూ ఉండే వెలామెన్ అనే స్పాంజి పొర ఆ కాసేపట్లోనే నీళ్లు పీల్చుకుంటుంది. తడవడం ఎంత అవసరమో ఆరడమూ అంతే అవసరం. సిద్ధాంతం ఇంతకుమించి అక్కర్లేదు.

కావలసినవి

- అడుగునా పక్కలకూ రంధ్రాలున్న పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీ. అందం కోసం కాదు, లోపలి వేళ్లు కనబడటానికి. మట్టి కుండీ కూడా మంచిదే, తొందరగా ఆరుతుంది. కానీ అందులో వేళ్లు కనబడవు, కొత్తవాళ్లకు అదే పెద్ద లోటు.
- ఒకటి రెండు సెంటీమీటర్ల బెరడు ముక్కలు. దొరక్కపోతే బొగ్గు ముక్కలు, ఇటుక ముక్కలు, కొబ్బరి డొక్క ముక్కలు కలిపి వాడవచ్చు. కొబ్బరి ముక్కల్లో ఉప్పు ఉంటుంది కాబట్టి నీళ్లు మారుస్తూ రెండు మూడు రోజులు నానబెట్టి కడగాలి.
- పదునైన కత్తెర, దాన్ని కాల్చడానికి మంట.
- ఒక వెదురు పుల్ల, కాడ కట్టడానికి మెత్తటి దారం.
- 20-20-20 అని రాసి ఉండే, నీళ్లలో కరిగే ఎరువు.
- గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు చూపించే చిన్న థర్మామీటరు. దీన్ని అందరూ వదిలేస్తారు. పూలు కావాలంటే మాత్రం వదలకండి, ఎందుకో 6వ మెట్టులో తెలుస్తుంది.

తోట మట్టి ఈ జాబితాలో లేదు. గుప్పెడు కూడా కలపవద్దు.

1. కొత్త మొక్కను తెచ్చిన రోజే పరీక్షించండి

ముందు పైన ఉన్న అలంకారపు కుండీ తీసి చూడండి. చాలావాటికి అడుగున రంధ్రం ఉండదు, బెత్తెడు నీళ్లు నిలిచి ఉంటాయి. అవి పారబోయండి. తరువాత ఆకుల కింది వైపు, ఆకు కాండాన్ని కలిసే చోట దూది ముక్కల్లా తెల్లగా ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే అది పిండినల్లి. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిచి, వారానికోసారి చొప్పున మూడు నాలుగు సార్లు మళ్లీ తుడవాలి. ఒక్కసారితో పోదు, గుడ్లు మిగిలి ఉంటాయి. పురుగు ఉన్నా లేకున్నా కొత్త మొక్కను కనీసం మూడు వారాలు పాత మొక్కలకు దూరంగా ఉంచండి.

పూలు ఉన్న మొక్కకు వెంటనే కుండీ మార్చకండి, మొగ్గలు రాలిపోతాయి. వేళ్లు కుళ్లుతున్నాయని ఖాయంగా కనబడితే మాత్రం పూల మీద ఆశ వదులుకుని మార్చేయండి.

2. కుండీ మార్చడం

పూలు రాలిన తరువాత, కొత్త వేళ్ల కొసలు పచ్చగా మెరుస్తున్నప్పుడు ఇది చేయాలి. ఆ తరువాత రెండేళ్లకోసారి చాలు. బెరడు ముక్కను చేతివేళ్ల మధ్య నలిపితే పొడి అవుతోందంటే రెండేళ్లు నిండకపోయినా మార్చాల్సిందే.

మొక్కను కుండీతో సహా పావుగంట నీళ్లలో నానబెట్టండి. ఎండిన వేరు పుల్లలా విరుగుతుంది, తడిసిన వేరు వంగుతుంది. కుండీ పక్కలను నొక్కుతూ మెల్లగా బయటికి తీసి, పాత ముక్కలన్నీ రాల్చేయండి. నడిమధ్యలో చిన్న నాచు ముద్దో స్పాంజి గుళికో తరచుగా కనబడుతుంది. పిల్ల మొక్కగా ఉన్నప్పుడు పెట్టింది అది. పైన బెరడు పొడిగా ఉన్నా ఆ ముద్ద మాత్రం వారాల తరబడి తడిగా ఉండి, కాండం మొదలును కుళ్లబెడుతుంది. వేళ్లు తెగకుండా ఎంత వస్తే అంత లాగేయండి.

ఇప్పుడు మొక్క వేళ్లను ఒక్కొక్కటిగా రెండు చేతివేళ్ల మధ్య పట్టి నొక్కి చూడండి. రంగు చూసి కోసేయడం అందరూ చేసే పొరపాటు. వెలుతురు తగలని మంచి వేరు కూడా గోధుమరంగులోనో పసుపుగానో ఉంటుంది. గట్టిగా ఉంటే మంచిదే, ఉంచండి. నొక్కగానే మెత్తగా అణిగిపోయినా, పైపొర ఊడి వచ్చి లోపల సన్నటి దారం మాత్రమే మిగిలినా అది చచ్చిన వేరు, మొదలుకంటా కోయండి. ప్రతి మొక్కకూ ముందు కత్తెరను మంట మీద కాల్చండి. ఆర్కిడ్ల వైరస్‌లు కత్తెర ద్వారా ఒక మొక్క నుంచి మరో మొక్కకు పాకుతాయి, వాటికి మందు లేదు. కోసిన చోట కొందరు దాల్చినచెక్క పొడి అద్దుతారు. కోతకే అద్దండి, మంచి వేళ్ల మీద చల్లితే వాటినీ ఎండబెడుతుంది.

కుండీ ఎంపికలో ఉదారంగా ఉండకండి. మిగిలిన వేళ్లు సరిగ్గా పట్టేంత కుండీ చాలు. పెద్ద కుండీలో మధ్యభాగం ఆరదు. మొక్కను నిలబెట్టి, చుట్టూ బెరడు వేస్తూ, కుండీని తడుతూ సర్దండి. కింది ఆకు మొదలు బెరడుకు సరిగ్గా పైన ఉండాలి, లోపల పూడ్చకూడదు. గాలిలోకి పెరిగిన వేళ్లను బలవంతంగా లోపలికి కుక్కకండి, బయటే ఉండనివ్వండి.

పని సరిగ్గా అయిందో లేదో ఇలా చూడండి: ఆకు పట్టుకుని మొక్కను కొద్దిగా పైకెత్తండి. కుండీ కూడా వెంట లేస్తే గట్టిగా కూర్చున్నట్టు. మొక్క ఊగుతుంటే పుల్ల గుచ్చి కట్టండి, ఊగే మొక్కకు కొత్త వేళ్ల కొసలు రాసుకుని దెబ్బతింటాయి. వేళ్లు బాగా కోయాల్సి వచ్చినట్టయితే నాలుగైదు రోజులు నీళ్లు పోయకండి, గాయాలు ఆరాలి.

3. చోటు, వెలుతురు

తూర్పు కిటికీ అన్నిటికంటే మంచిది. పొద్దుటి లేత ఎండ పడుతుంది, మధ్యాహ్నపు ఎండ పడదు. పడమటి కిటికీ అయితే పల్చటి తెర అడ్డం వేయండి. ఫలెనాప్సిస్‌కు 10 నుంచి 15 వేల లక్స్ వెలుతురు బాగుంటుంది. మన కంటికి వెలుగ్గా కనబడే గది మధ్యలో కొన్ని వందల లక్స్ మాత్రమే ఉంటుంది. "గదిలో బోలెడు వెలుతురు ఉంది" అనేవాళ్ల మొక్కలు పూయకపోవడానికి కారణం ఇదే. ఫోనులో లక్స్ కొలిచే యాప్ ఉంటే ఉజ్జాయింపుగా చూసుకోవచ్చు.

యాప్ లేకపోతే మిట్టమధ్యాహ్నం ఆకుకు జానెడున్నర ఎత్తున అరచెయ్యి పెట్టండి. అంచులు మసకగా ఉన్న నీడ పడితే సరిపోయింది. నీడే లేకపోతే చీకటి. కత్తిరించినట్టు స్పష్టంగా పడితే ఎండ ఎక్కువ. రెండు మూడు నెలలయ్యాక ఆకులే చెబుతాయి: గడ్డి రంగు పచ్చదనం మంచిది. ముదురు ఆకుపచ్చగా, పొడవుగా, కిందికి వాలిపోయిన ఆకులు చూడటానికి ముచ్చటగానే ఉంటాయి కానీ అవి వెలుతురు చాలని ఆకులు, మొదటి ప్రశ్నలోని "నిగనిగలాడే ఆకులు" తరచుగా ఇవే. ఆకును తాకితే వేడిగా తగిలిందంటే వెంటనే జరపండి. ఎండకు మాడిన మచ్చ మళ్లీ మానదు.

చీకటి గది నుంచి కిటికీకి ఒకేసారి మార్చకండి. పది పదిహేను రోజుల్లో మెల్లమెల్లగా దగ్గరికి జరపండి. కిటికీయే లేకపోతే మొక్కల కోసం అమ్మే ఎల్‌ఈడీ దీపాన్ని రోజుకు 12 నుంచి 14 గంటలు వెలిగించండి, రాత్రి తప్పకుండా ఆర్పండి.

డెండ్రోబియం, కాట్లేయాలకు ఇంతకంటే ఎక్కువ వెలుతురు కావాలి. వాండాకు ఇంకా ఎక్కువ. దాన్ని ముక్కలేవీ వేయకుండా బుట్టలో వేలాడదీసి దాదాపు రోజూ తడపాలి, కాబట్టి అది గదికి కాదు, బాల్కనీకి తగిన మొక్క.

4. నీళ్లు

రోజు చూసి కాదు, వేరు చూసి పోయండి. పారదర్శకమైన కుండీ కొనిపించింది ఇందుకే. వేరు తడిగా ఉన్నప్పుడు ఆకుపచ్చగా కనబడుతుంది, ఆరగానే వెండిలా తెల్లబడుతుంది. కుండీ గోడకు ఆనుకున్న వేళ్లన్నీ తెల్లబడి, లోపలి గోడ మీద ఆవిరి బిందువులు మాయమయ్యాక పోయాలి. ఒక్క పచ్చటి వేరు కనబడినా రేపు చూద్దాం అనుకోండి. ఎండాకాలంలో ఇది మూడు నాలుగు రోజులకే రావచ్చు, చలికాలంలో పన్నెండు రోజులు పట్టవచ్చు.

వేళ్లు కనబడని కుండీ అయితే వెదురు పుల్లను నడిమధ్యకు గుచ్చి పది నిమిషాలు ఉంచి తీయండి. పుల్ల చల్లగా, తడిగా తగిలితే ఆగండి.

పోసేటప్పుడు పిసినారితనం వద్దు. కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా పోయండి, లేదా కుండీని పావుగంట నీళ్లలో ముంచి ఉంచి, తీశాక నీళ్లు పూర్తిగా కారిపోనివ్వండి. ఒకే గిన్నె నీళ్లలో ఒకదాని తరువాత ఒకటిగా అన్ని మొక్కలనూ ముంచకండి, రోగాలన్నీ పంచినట్టవుతుంది. ఉదయమే పోయండి. ఆకుల నడుమ, చిగురు వచ్చే గుంటలో నీళ్లు నిలిస్తే కాగితం కొసతో అద్ది తీసేయండి. ఆ గుంట కుళ్లిందంటే ఫలెనాప్సిస్‌ పెరగడానికి ఇంకో చిగురు లేదు.

వాన నీళ్లు ఉత్తమం. ఫిల్టరు చేసిన నీళ్లూ పనికొస్తాయి. కుళాయి నీళ్లు పోస్తుంటే బెరడు మీద తెల్లటి పొర కడుతోందేమో, వేరు కొసలు నల్లబడుతున్నాయేమో గమనించండి. అది లవణాలు పేరుకున్న గుర్తు.

చాలామందిని ముంచేది ఒకటుంది. నీళ్లు తక్కువైనా ఆకులు ముడతలు పడి వడలుతాయి, ఎక్కువైనా అలాగే వడలుతాయి. ఎక్కువైతే వేళ్లు కుళ్లిపోయి తాగే నోరు ఉండదు కదా. కాబట్టి వడలిన ఆకును చూసి చెంబు అందుకోకండి. ముందు వేరు చూడండి. తెల్లగా గట్టిగా ఉంటే దాహం, పోయండి. గోధుమరంగులో మెత్తగా ఉంటే కుళ్లు, 2వ మెట్టుకు వెళ్లండి. రెండు మూడు మంచి వేళ్లే మిగిలితే చిన్న కుండీలో, పిండేసిన స్ఫాగ్నమ్ నాచులో పెట్టి, పల్చటి ప్లాస్టిక్ సంచిని వదులుగా కప్పి నీడపట్టున ఉంచండి. కోలుకోవడానికి నెలలు పడుతుంది. ఈ లోపల ఎరువు వద్దు.

గాలిలో తేమ 50 నుంచి 70 శాతం ఉంటే మంచిది. గులకరాళ్లు పరిచిన పళ్లెంలో నీళ్లు పోసి, కుండీ అడుగు నీళ్లకు తగలకుండా దాని మీద పెట్టవచ్చు. ఎంతో తేడా చేస్తుందని మాత్రం చెప్పను. నాలుగైదు మొక్కలను దగ్గర దగ్గరగా పెట్టడం కూడా అంతే పని చేస్తుంది.

5. ఎరువు

పొట్లం మీద రాసిన మోతాదులో నాలుగో వంతు, వారానికోసారి. ముందు మామూలు నీళ్లతో వేళ్లు తడిపి, ఆ తరువాతే ఎరువు నీళ్లు పోయండి. నెలకోసారి మామూలు నీళ్లు ధారాళంగా పోసి లవణాలు కడిగేయండి. పూయని మొక్కకు "పూల ఎరువు" కొని పోయడం డబ్బు దండగ. వెలుతురు, చల్లదనం లేని లోటును ఏ ఎరువూ తీర్చలేదు.

6. పూలకాడ రప్పించడం

పగలూ రాత్రీ 28 డిగ్రీలు దాటిన చోట ఫలెనాప్సిస్ ఆకులే వేస్తుంది. పువ్వు వైపు తిరగాలంటే చల్లదనం తగలాలి: పగలు 25 డిగ్రీలు దాటకుండా, రాత్రి 16 నుంచి 18 డిగ్రీల దగ్గర, నాలుగు నుంచి ఆరు వారాలు. నర్సరీలవాళ్లు ఏడాది పొడవునా పూల మొక్కలు అమ్మగలుగుతున్నది గ్రీన్‌హౌస్‌లను ఇలా చల్లబరచే. థర్మామీటరును మొక్క పక్కనే, ఆకుల ఎత్తులో పెట్టి, రోజూ గరిష్ఠం, కనిష్ఠం రాసుకోండి. గది చల్లగా ఉందని మనకు అనిపించడం వేరు, మొక్క దగ్గర కొలత వేరు.

ముందు మొక్కకు స్తోమత ఉందా అని చూడండి. కనీసం నాలుగు గట్టి ఆకులు, బతికి ఉన్న వేళ్లు గుప్పెడు ఉండాలి. కొత్త ఆకు దాని ముందు ఆకుతో సమానంగా గానీ పెద్దదిగా గానీ వస్తోందంటే మొక్క ఒళ్లు చేస్తున్నట్టు. ప్రతిసారీ చిన్నదవుతోందంటే పూల మాట తరువాత, వేళ్ల సంగతి చూడండి.

అప్పుడు చలి మొదలయ్యే రోజుల్లో మొక్కను అన్నిటికంటే చల్లటి కిటికీ దగ్గరికి మార్చండి. వెలుతురు తగ్గకూడదు. చీకటి గదిలో చల్లబరిస్తే ఉపయోగం లేదు. రాత్రి 13 డిగ్రీల కంటే దిగితే లోపలికి తెచ్చేయండి. చలికాలమే సరిగ్గా లేని చోట ఏసీ గదిలో పెట్టవచ్చు, కానీ ఆ గాలి నేరుగా తగలకూడదు. అదీ కుదరకపోతే ఈ మొక్కతో పోట్లాడకుండా, పూయడానికి చలి అడగని "డెండ్రోబియం ఫలెనాప్సిస్" రకం తెచ్చుకోవడం నయం (పేరు కలిసినా అది డెండ్రోబియమే, మన ఫలెనాప్సిస్ కాదు). నోబిలే జాతి డెండ్రోబియం తీసుకోకండి. దానికి చలితో పాటు ఎరువు లేని, నీళ్లు బాగా తగ్గించిన విశ్రాంతి కూడా కావాలి. డెండ్రోబియం ఏదైనా సరే, ఆకులు రాలి బోసిగా నిలబడ్డ కాండాలను కోయకండి. అవే మొక్క తిండి గోదాములు, కొన్ని అక్కడి నుంచే పూస్తాయి.

కొన్ని వారాల తరువాత ఆకుల మధ్య నుంచి పచ్చటి మొన ఒకటి పొడుచుకు వస్తుంది. అది వేరా, కాడా? భూతద్దం ఉంటే తెచ్చుకోండి. వేరు కొస గుండ్రంగా, నున్నగా, పచ్చగానో ఎర్రగానో మెరుస్తుంది, కాస్త పెరగగానే వెనక భాగం వెండి రంగుకు తిరుగుతుంది. కాడ కొస కొద్దిగా బల్లపరుపుగా, బొటనవేలు విడిగా ఉండే చేతితొడుగులా ఒక పక్కకు చీలినట్టు ఉంటుంది, ఎంత పెరిగినా వెండి రంగుకు తిరగదు, వెలుతురు వైపు పైకి లేస్తుంది. తేల్చుకోలేకపోతే వారం ఆగండి. గోటితో గీకి చూడకండి. నేను ఒకసారి గీకి చూశాను, అది కాడే.

7. కాడ కనబడ్డాక

ఇక మొక్కను తిప్పకండి. కుండీ మీద కిటికీ వైపు పెన్నుతో గుర్తు పెట్టుకుని, నీళ్లు పోశాక మళ్లీ అలాగే పెట్టండి. మాటిమాటికీ తిప్పితే కాడ మెలికలు తిరిగి, పూలు తలో దిక్కూ చూస్తాయి. కాడ జానెడు పెరిగాక పుల్ల గుచ్చి, వదులుగా కట్టండి, పెరిగేకొద్దీ కట్టు మార్చండి. గట్టిగా వంచితే చటుక్కున విరుగుతుంది. కాడ కనబడ్డాక మొదటి పువ్వు విచ్చడానికి సుమారు మూడు నెలలు పడుతుంది.

మొగ్గలు ముడుచుకుని పసుపుబారి రాలిపోతుంటే ఈ వరసలో వెతకండి: కుండీ పూర్తిగా ఎండిపోయిందా, చోటు మార్చారా, ఏసీ గాలో వేడి గాలో తగులుతోందా, పక్కన మాగుతున్న పండ్ల బుట్ట ఉందా. పండ్ల నుంచి వచ్చే ఎథిలీన్ వాయువు మొగ్గలను రాలుస్తుంది. పూల మీద, మొగ్గల మీద నీళ్లు చిలకరించకండి, మచ్చలు పడతాయి.

8. పూలు రాలాక

పూలు రెండు మూడు నెలలు నిలుస్తాయి. ఆ తరువాత కాడ ఎండి గోధుమరంగుకు వస్తే మొదలు దగ్గర రెండు సెంటీమీటర్లు వదిలి కోసేయండి. పచ్చగానే ఉంటే రెండు దారులున్నాయి. కింది నుంచి లెక్కపెట్టి రెండో కణుపుకో మూడో కణుపుకో ఒక సెంటీమీటరు పైన కోస్తే, పక్క కొమ్మ వచ్చి రెండు మూడు నెలల్లో మళ్లీ పూయవచ్చు. పూలు తక్కువ, చిన్నవి. నాలుగు ఆకులైనా లేని మొక్క, వడలిన మొక్క అయితే ఆ ఆశ పెట్టుకోకుండా పచ్చటి కాడనైనా మొదలుకంటా తీసేయడమే నా పద్ధతి. ఒక్కోసారి కణుపు నుంచి పువ్వుకు బదులు చిన్న పిల్ల మొక్క వస్తుంది. దాని వేళ్లు ఐదారు సెంటీమీటర్లు పెరిగాక వేరు చేసి నాటుకోవచ్చు.

కాడ కోసిన రోజే, కత్తెర చేతిలో ఉండగానే, కుండీని వెలుతురుకు ఎత్తి లోపలి బెరడును, వేళ్లను చూడండి. ముక్కలు నల్లబడి మెత్తబడ్డాయా, కొత్త వేళ్ల కొసలు మెరుస్తున్నాయా అని. రెండూ ఉంటే ఆ వారంలోనే కుండీ మార్చేయండి.